కాలువ గట్టున గ్రామము: పంచాయతీ బాధ్యత

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల రైతులకు కర్నూలు–కడప కాలువ సుపరిచితము. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి, కుందూనది లోయ మీదుగా కడప వైపు సుమారు 300 కిలోమీటర్లు ఇది సాగుచున్నది. సేద్యమునకే కాక సరకుల పడవలు నడుపుటకు కూడ దీనిని త్రవ్విరని నేడు కొలదిమందికే తెలియును.

1860 తరువాతి దశాబ్దమున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఈ పని సాగించినది. పడవలు ఎత్తుపల్లములు దాటుటకు లాకులు కట్టిరి. కాని ఆశించినంత ఆయకట్టు సాగులోనికి రాక కంపెనీ నష్టపడినది. 1882లో ప్రభుత్వము కాలువను కొనినది. కాలక్రమమున పడవలు ఆగినవి, సేద్యము నిలిచినది.

ఇంగ్లండులోని స్టోక్ బ్రూయెర్న్ గ్రామము కూడ ఇట్లే పడవల కాలువ గట్టున పెరిగినది. 1805లో తెరచిన బ్లిస్‌వర్త్ సొరంగము దాని చెంతనే కలదు. రైళ్ళు, లారీలు వచ్చి సరకుల పడవలు పోయినను ఆ ఊరు పాడుపడలేదు. 1963లో పాత ధాన్యపు మరలో కాలువ మ్యూజియము నెలకొల్పిరి. నేడు విహారపు పడవలతో, సందర్శకులతో ఆ గట్టు కళకళలాడుచున్నది.

కాలువ ఉపయోగము మారవచ్చును. గట్టును, నీటిని కాపాడుకొన్న ఊరికే అది అక్కరకు వచ్చును.

మన కాలువలో పైఊరు పారవేసిన చెత్త క్రిందిఊరి తూమును మూయును. తూటికాడ పెరిగినచో పారుదల మందగించును. పైరు పొట్టకు వచ్చినవేళ ఒక్క తడి తప్పినను చివరి పొలము రైతు కష్టము వృథాయగును.

కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు చేపట్టవలెను:

1. ఊరి మురుగును కాలువలో కలుపనీయక, ఇంకుడు గుంతలకు మరల్చవలెను.

2. గట్టుపై చెత్త వేయనీయరాదు. పెంటకుప్పలను దూరముగా ఉంచవలెను.

3. బట్టలుతుకుటకు, పశువులను కడుగుటకు వేర్వేరు రేవులు ఏర్పరుపవలెను. త్రాగునీరు వాటికి ఎగువన తీసికొని, శుద్ధిచేసియే పంపిణీ చేయవలెను.

4. గట్టు ఆక్రమణకు గురియైనచో నీటిపారుదల శాఖవారికి వెంటనే తెలుపవలెను.

సాగునీటి పంపకమును 1997 నాటి చట్టము నీటి వినియోగదారుల సంఘములకు అప్పగించినది. పారిశుధ్యము పంచాయతీ బాధ్యత. కాలువకు నీరు విడుచుటకు ముందే రెండు పక్షములవారును కలిసి గట్టు వెంట నడచి, పూడికను, కలుపును గుర్తించి, పనులు పంచుకొనుట మేలు.

మన ఊరు దాటిన నీరు మరియొక ఊరి పైరునకు ప్రాణము. దానిని మలినము కాకుండ క్రిందికి పంపుట మన కర్తవ్యము.