తాతయ్య ట్రాక్టరు ముక్కు ఎందుకు లేచింది?

నాన్నగారి బదిలీతో మేము పుదుచ్చేరి వచ్చి ఒర్లియంపేటలో ఉంటున్నాం. వీధిలో తమిళం, బడిలో హిందీ, ఇంగ్లిషు, తెలుగు ఇంట్లోనే. ఇదే పుదుచ్చేరికి చెందిన యానాం మాత్రం గోదావరి ఒడ్డున, తెలుగు నేల మధ్యలో ఉంది. దాని దగ్గరే మా తాతయ్య ఊరు. వేసవి సెలవుల్లో అక్కడ చూసిన సంగతి ఇది.

ధాన్యం బస్తాల ట్రక్కును లాగుతూ తాతయ్య పాత ట్రాక్టరు కాలువగట్టు ఎక్కుతోంది. ఉన్నట్టుండి ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. తాతయ్య క్లచ్చి, బ్రేకు ఒకేసారి తొక్కారు. ముక్కు దిగింది. మడ్‌గార్డు మీద కూర్చున్న మేము మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

ఇంజను వెనక ఇరుసును తిప్పుతుంది. ఆ బలమే ట్రాక్టరు ఒంటిని ఎదురు వైపుకు, అంటే ముక్కు పైకి లేచేలా, తిప్పాలని చూస్తుంది. బరువు లాగినా, ఎత్తు ఎక్కినా ఇది పెరుగుతుంది. ట్రక్కును ఇరుసుకన్నా ఎత్తులో తగిలిస్తే మరీ ప్రమాదం. ఆ రోజు జరిగింది అదే.

మర్నాడు మెకానిక్ ట్రక్కు కొక్కేన్ని కిందికి మార్చి, ముందు బంపరుకు ఇనుప దిమ్మలు బిగించాడు. తూగుడు బల్ల చివర కూర్చున్న చిన్నవాడు మధ్యకు దగ్గరగా కూర్చున్న పెద్దవాణ్ణి లేపగలడు కదా! ఇరుసుకు ఎంత దూరంలో ఉంటే బరువు అంత పనిచేస్తుంది.

తర్వాత వెనక టైర్లలో నీళ్ళు పట్టాడు. చక్రాన్ని జాకీతో లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, వాల్వు మట్టం దాకా నింపాలి. అది టైరులో సుమారు 75 శాతం. మిగతాది గాలి, అది లేకపోతే కుదుపులు ఆగవు. ఒక్కో టైరులో 150 లీటర్లు పట్టాయనుకుంటే రెండింటికీ 300 కిలోలు! బరువంతా కిందనే ఉంటుంది కాబట్టి గురుత్వ కేంద్రం దిగుతుంది, బండి పక్కకు ఒరగడం తగ్గుతుంది. పంక్చరు వేసేవాళ్ళు మాత్రం ఈ నీళ్ళను తిట్టుకుంటారట.

"నీళ్ళొక్కటే చాలవా?" అని అడిగాం. చాలవట. వెనక చక్రాలకు పట్టు పెరిగితే అవి జారవు, అప్పుడు ముక్కు ఇంకా తేలిగ్గా లేస్తుంది. అందుకే ముందు దిమ్మలు, ఆ తర్వాతే నీళ్ళు.

దమ్ము చేసే ముందు నీళ్ళు తీసేశామని తాతయ్య మొన్న ఫోనులో చెప్పారు. బరువైన బండి బురదలో దిగబడుతుంది. దిమ్మలు మాత్రం ఉంచారు. దిగబడ్డ చక్రం తిరగలేకపోయినా ముక్కే లేస్తుంది మరి. అప్పుడు రేజు చేయకుండా, మెల్లగా వెనక్కి తీయాలట.