మొండితనం అనుకునే ముందు కడుపు చూడండి

మాటలు రాని బిడ్డ కడుపునొప్పి అని చెప్పలేదు. తల గోడకేసి కొట్టుకుంటుంది, చెయ్యి కొరుక్కుంటుంది, అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది, మంచం అంచుకు పొట్ట అదిమిపెట్టి వాలిపోతుంది. ఇంట్లోవాళ్లు మొండి అంటారు, బయటివాళ్లు ఆటిజం అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో కడుపు జబ్బుకు పైకి కనిపించే ఏకైక గుర్తు ప్రవర్తనే కావచ్చని 2010లోనే 'పీడియాట్రిక్స్' పత్రికలో నిపుణులు రాశారు.

చేయవలసినవి

ఉన్నట్టుండి కోపం పెరిగినా, నిద్ర చెడినా ముందు పిల్లల డాక్టరుకు కడుపు చూపించండి. ఏం తిన్నదీ, దొడ్డికి ఎప్పుడు వెళ్లిందీ, గట్టిగా వచ్చిందా పలుచగానా, గొడవ ఏ వేళకు చేసిందీ రెండు వారాలు నోటుబుక్కులో రాసి తీసుకెళ్లండి.

ఎక్కువగా కనిపించేది మలబద్ధకం. ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు. చెడ్డీకి పలుచగా అంటుతోందంటే అవి విరేచనాలే కానక్కర్లేదు. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి జారుతున్నది కావచ్చు. అప్పుడు విరేచనాలు కట్టే మందు వేస్తే ఇంకా బిగుస్తుంది. భోజనమయ్యాక కాసేపటికి, కాళ్ల కింద పీట వేసి, అయిదు నిమిషాలు కమోడ్ మీద కూర్చోబెట్టండి. డాక్టరు రాసిన మందు నెలల తరబడి వాడాల్సి రావచ్చు, రెండు రోజులు బాగుందని మానెయ్యకండి. కోపం, చిరాకు తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ మందు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. దానివల్ల కూడా మలబద్ధకం రావచ్చు.

చేయకూడనివి

పాలు, గోధుమలు సొంతంగా మాన్పించకండి. దాంతో ఆటిజం లక్షణాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు. అసలే నాలుగైదు రకాలే తినే బిడ్డకు కాల్షియం కూడా కరువవుతుంది. గోధుమ పడటం లేదని అనుమానముంటే, అది తింటుండగానే సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) రక్తపరీక్ష చేయించండి. మానేశాక చేస్తే జబ్బు బయటపడకపోవచ్చు.

పేగులు శుద్ధి చేస్తే ఆటిజం పోతుందని చెప్పేవాళ్లకు డబ్బు కట్టకండి. 247 మంది పిల్లల మీద ఆస్ట్రేలియాలో జరిగి 2021లో 'సెల్' పత్రికలో వచ్చిన అధ్యయనం, పేగు బాక్టీరియాలో వైవిధ్యం తగ్గడానికి ఈ పిల్లలు కొన్నే తినడం కారణమని, ఆ తగ్గుదల ఆటిజానికి మూలం కాకపోవచ్చని సూచించింది. ఎం.ఎం.ఎస్. పేరుతో అమ్మే క్లోరిన్ డయాక్సైడ్ అయితే బట్టలకు వాడే బ్లీచ్ లాంటిది. తాగించినా, ఎనిమాగా ఇచ్చినా ప్రాణాపాయం.

మలబద్ధకానికి ఆముదం పట్టడం, మలద్వారంలో సబ్బు ముక్క పెట్టడం కూడా వద్దు.

ఆకుపచ్చ వాంతి, రాయిలా బిగిసిన పొట్ట, మలంలో ఎక్కువ రక్తం, అయస్కాంతమో బటన్ సెల్లో మింగిందన్న అనుమానం: వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.