కడెము వాగు కొలత

భూగోళ పాఠమునందు నది యనగా పటముపై నొక నీలిరేఖ. ఆ రేఖ వెంట నడచి చూచిననే గాని దాని బలము తెలియదు. కరీంనగరము మొదలు ఆదిలాబాదు వరకు గల సీమ ఇట్టి క్షేత్రపర్యటనకు మిక్కిలి యనుకూలమైనది. నడుమ గోదావరి, ఉత్తరమున సాత్మాల కొండలు, ఆ కొండలనుండి దిగివచ్చి గోదావరిలో కలియు కడెము నది కలవు. ప్రజలు దీనిని కడెం వాగు అనియే పిలుతురు. వేసవిలో చూచిన వారికి ఆ పేరే తగునని తోచును.

పర్యటనకు మార్గశిర పుష్యములు మంచివి. అప్పటికి వానలు వెలసియుండును. వాగులలో నీరును ఉండును. దిక్సూచి, కొలత టేపు, గడియారము, నూలుదారము, పటము, నోటుపుస్తకము వెంట నుండవలెను. 2016 అక్టోబరు 11న జిల్లాలు పునర్విభజింపబడుటచే, పూర్వము కరీంనగరము జిల్లాలోని ధర్మపురి నేడు జగిత్యాల జిల్లాలోను, ఆదిలాబాదు జిల్లాలోని కడెము నిర్మల్ జిల్లాలోను చేరినవి. నదులు చూచుటకు మాత్రము పాత పటమైనను చాలును.

మొదటి మజిలీ ధర్మపురి. తూర్పుగా సాగు గోదావరిని ఇచట దక్షిణవాహిని యందురు. విద్యార్థులు ఒడ్డున నిలిచి దిక్సూచితో ప్రవాహదిశను పరీక్షింపవలెను. పెద్దలు చెప్పిన మాటను పరీక్షించుట అవిధేయత కాదు.

రాయపట్నము వంతెన దాటి, లక్సెట్టిపేట, జన్నారముల మీదుగా అడవి దారిని పోవునప్పుడు చిన్న వాగులు కనబడును. మోకాలి లోతునకు మించని యొక వాగును ఎన్నుకొని, ఉపాధ్యాయుని సమక్షమున కొలువవలెను. ఒడ్డున పది మీటర్ల దూరము గుర్తించి, ఎండుపుల్లను నీటిలో విడిచి, అది ఎన్ని సెకనులలో ఆ దూరము పోవునో చూడవలెను. ఇరువది సెకనులు పట్టినచో వేగము సెకనుకు అర మీటరు. వాగు వెడల్పు ఐదు మీటర్లు, సగటు లోతు అర మీటరు అనుకొందము. మూడింటిని గుణింపగా ఒకటింబావు వచ్చును. పైనీటి కంటె అడుగునీరు మెల్లగా పోవును గావున అందు ఐదింట నాలుగు వంతులే గైకొనవలెను. అనగా సెకనుకు ఒక ఘనమీటరు. ఇంజనీర్ల లెక్కలో సుమారు 35 క్యూసెక్కులు. ఈ యంకెను నోటుపుస్తకమున వ్రాసికొని కడెము ప్రాజెక్టు చేరవలెను.

నిర్మాణము సాగుచుండగనే 1958 ఆగస్టులో ఆ యానకట్టపైకి సెకనుకు సుమారు 14,700 ఘనమీటర్ల వరద వచ్చెను. విద్యార్థులు కొలిచిన వాగు వంటివి పదునాలుగువేల యేడువందలు ఒక్కసారిగా వచ్చినట్లు! కట్టపై 2.4 మీటర్ల ఎత్తు అదనముగా విడిచియుండినను, నీరు దానిని మించి 46 సెంటీమీటర్ల మందమున పొర్లెను. ఎడమవైపున సుమారు 137 మీటర్ల మేర గండి పడెను. కుడివైపున మరి రెండు పడెను.

పిమ్మట ప్రాజెక్టును పునర్నిర్మించిరి. నేడు 18 గేట్లు కలవు. అవన్నియు కలిసి సుమారు మూడు లక్షల క్యూసెక్కులు విడువగలవు. 2022 జూలైలో ఐదు లక్షలకు మించిన వరద వచ్చెను. ఒక గేటు తెరచుకొనలేదు. దిగువ గ్రామముల వారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. ఆనకట్ట నిలిచినది. ఆ రెండు వరదల పరిమాణము ఇంచుమించు సమానమగుట గమనింపదగినది. ఆ గ్రామముల వృద్ధులను అడిగినచో నీరెంతవరకు వచ్చినదో గోడపై చేయి పెట్టి చూపుదురు. విద్యార్థులు ఆ యెత్తును టేపుతో కొలిచి, ఏ సంవత్సరపు గుర్తో వ్రాసికొనవలెను.

ఇంత నీరు ఇంత త్వరగా ఏల వచ్చునో ఎగువకు పోయిననే తెలియును. నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కి, నేరడిగొండ చేరువనున్న కుంతాల జలపాతము చూడవలెను. శకుంతల పేరున దానికి ఆ పేరు వచ్చినదని జనులందురు. కడెము ఇచట సుమారు 45 మీటర్ల ఎత్తునుండి మెట్లు మెట్లుగా దుముకును. కొండవాలున కురిసిన వాన ఎక్కడను నిలువక వాగుల వెంట పరుగిడివచ్చును. మడుగులు లోతైనవి, రాళ్లు జారును. అనేకులు ఇందు మునిగి ప్రాణములు కోల్పోయిరి. కావున విద్యార్థులు గట్టుపైననే కూర్చుండి, పటముపై కుంతాల నుండి కడెము వరకు నీలిరేఖ మెలికల వెంట దారము పరచి, ఆ దారమును స్కేలుపై చాచి, నది పొడవు కట్టవలెను.