ఆ రాయి ఏ ఊరిది?

చి. మానసకు,



నీ మెసేజీ చూశాను. ఈజిప్టు ప్రయాణంలో అలెగ్జాండ్రియాకు రెండు రోజులు పెట్టుకోవాలా, ఆ రెండు రోజులూ లక్సర్‌కే కలుపుకుంటే మేలా అని అడిగావు. "అక్కడ చూడ్డానికేం లేదట" అని నీ స్నేహితురాలు అందని కూడా రాశావు. ఆ అమ్మాయి మాటలో అబద్ధమేమీ లేదు. ప్రపంచ వింతల్లో ఒకటైన దీపస్తంభం లేదు. పాత గ్రంథాలయం లేదు. అలెగ్జాండర్ సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. క్లియోపాత్రా తిరిగిన రాజభవనాలు సముద్రం అడుగున ఉన్నాయి.

అయినా వెళ్లు. ఆర్కిటెక్చర్ చదువుతున్నదానివి కాబట్టి మరీ వెళ్లు. లక్సర్‌లో నిలిచి ఉన్న కట్టడాలను చూస్తావు. ఇక్కడ ఒక ఊరు తనను తాను విప్పుకుని, ఆ రాళ్లతోనే మళ్లీ మళ్లీ ఎలా కట్టుకుందో చూస్తావు. దానికి చూసే పద్ధతి వేరు. కనబడ్డ ప్రతి రాయినీ మూడు ప్రశ్నలు అడుగు: నిన్ను ఎక్కడ తవ్వారు, మొదట ఎక్కడ పెట్టారు, ఇక్కడికి ఎవరు తెచ్చారు? గైడు చెప్పే కథ ఆ తర్వాత వినొచ్చు.

ముందు మ్యాపు తీసి ఊరి ఆకారం చూడు. ఉత్తరాన మధ్యధరా సముద్రం, దక్షిణాన మర్యూత్ సరస్సు, నడుమ సన్నటి నేల. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ ఈ చోటు చూసి నగరం కట్టమన్నాడు. వీధులు గీసినవాడు డైనోక్రటీస్. హద్దులు గీయడానికి సుద్ద చాలక పిండి చల్లారనీ, పక్షులు వచ్చి తినేశాయనీ ప్లూటార్క్ రాశాడు. అపశకునమని రాజు కలవరపడితే, ఈ ఊరు ఎందరికో అన్నం పెడుతుందని జోస్యులు చెప్పారట. నిజమో కాదో గానీ, ఆ జోస్యులు మాత్రం బతకనేర్చినవాళ్లు.

ఒడ్డుకు ఎదురుగా ఫారోస్ అనే ద్వీపం ఉండేది. ఒడ్డు నుంచి దానికి కిలోమీటరు దాటిన పొడవున ఒక కట్ట వేశారు. కట్టకు అటో రేవు, ఇటో రేవు. శతాబ్దాల తరబడి ఆ కట్టకు రెండు వైపులా ఇసుక మేట వేసి నేలయింది. ఇప్పుడు దాని మీద బజార్లు, మసీదులు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మన్షియా చౌక్ నుంచి అన్ఫూషీ వైపు నడుస్తుంటే ఒకప్పటి సముద్రం మీదే నడుస్తున్నావన్నమాట. దారిలో అబుల్ అబ్బాస్ అల్ ముర్సీ మసీదు వస్తుంది. పదమూడో శతాబ్దంలో స్పెయిన్ నుంచి వచ్చిన సూఫీ గురువు సమాధి అక్కడే ఉంది. ఇప్పటి కట్టడానికి నక్షా ఇచ్చింది మారియో రొస్సీ అనే ఇటాలియన్. లోపలికి వెళ్లాలంటే తల మీదికి చున్నీ ఉండాలి.

అన్ఫూషీ దాటి చివరికి వెళితే కైత్‌బే కోట. ఇక్కడ మాత్రం తొందరపడకు. క్రీ.పూ. 280 ప్రాంతంలో దీపస్తంభం లేచింది ఈ కొనమీదే. అడుగున చతురస్రం, దాని మీద అష్టభుజి, ఆపైన గుండ్రటి అంతస్తు; మొత్తం వంద మీటర్లు దాటిన ఎత్తు. వరస భూకంపాలు దాన్ని తినేశాయి. 1303 నాటిది పెద్ద దెబ్బ. యాత్రికుడు ఇబ్న్ బతూతా 1326లో చూసినప్పుడు ఒక వైపు కూలి ఉంది. 1349లో మళ్లీ వచ్చేసరికి లోపలికి అడుగు పెట్టే వీలే లేదు. ఆ తర్వాత, 1477లో, మమ్లూక్ సుల్తాన్ కైత్‌బే అదే చోట కోట మొదలుపెట్టించాడు. సున్నపురాతి గోడల్లో అక్కడక్కడ కనబడే ఎర్ర గ్రానైట్ ముక్కలు దీపస్తంభానివేనని చెబుతారు. చుట్టుపక్కల దొరికే రాయి కాదది. దక్షిణాన అస్వాన్ గనుల నుంచి, వెయ్యి కిలోమీటర్లకు పైగా నైలు మీద పడవల్లో వచ్చింది. కోట పక్కన సముద్రం అడుగున ఇంకా ఉంది. 1994 నుంచి జాన్ ఈవ్ ఎంపెరేర్ పురావస్తు బృందం మునిగి చూస్తే బండలు, స్ఫింక్సులు, విగ్రహాలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. అలెగ్జాండర్ తర్వాత ఈజిప్టును ఏలిన టోలమీ రాజుల్లో ఒకరిది, అప్పుడు పైకి తీసిన పెద్ద విగ్రహం ఇప్పుడు కొత్త గ్రంథాలయం ముందు నిలబడి ఉంది.

రెండో మజిలీ పాంపే స్తంభం. పాంపేకు దానితో ఏ సంబంధమూ లేదు. సీజర్ చేతిలో ఓడి, పారిపోయి వచ్చి, ఈజిప్టు గడ్డ మీద కాలు పెట్టీ పెట్టకముందే హతమైన రోమన్ సేనాని ఆయన. మధ్యయుగాల్లో వచ్చిన యూరప్ యాత్రికులు ఆయన అస్థికలు పైన ఉన్నాయనుకుని పేరు అంటించారు. నిజానికి అది క్రీ.శ. 300 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి గౌరవార్థం నిలబెట్టింది. ఇరవై మీటర్ల ఒంటిరాయి, అదీ అస్వాన్‌దే. అందరూ తలెత్తి పైకి చూసి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు కిందికి చూడు. పునాదిలో అంతకు ముందటి కట్టడాల రాళ్లు కుక్కి ఉంటాయి. అంత బరువును అంత ఇరుకు పీఠం మీద నిలబెట్టినవాడి ధైర్యం అక్కడ అర్థమవుతుంది. చుట్టూ ఉన్న ఖాళీ స్థలమే సెరాపిస్ దేవుడి ఆలయం. గ్రంథాలయానికి పిల్ల శాఖ ఒకటి ఇక్కడే ఉండేది. 391లో క్రైస్తవులు ఈ ఆలయాన్ని కూల్చారు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు చెబుతాను. "క్లియోపాత్రా సూదులు" అనే రెండు స్తంభాలు ఒకప్పుడు ఇక్కడి తీరంలో ఉండేవి. వాటిని చెక్కించింది ఆమెకు పద్నాలుగు వందల ఏళ్ల ముందటి మూడో థట్మోస్. హీలియోపొలిస్ నుంచి ఇక్కడికి తెప్పించింది ఆమెను ఓడించిన అగస్టస్. ఇప్పుడొకటి లండన్‌లో, ఒకటి న్యూయార్క్‌లో. అలాగే అత్తారీన్ మసీదులో ఉండిన ఒక రాతి శవపేటికను అలెగ్జాండర్‌దని ఊరంతా నమ్మింది. నెపోలియన్ మనుషులు దాన్ని పట్టుకుంటే, వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. దాని మీది బొమ్మల లిపి చదవడం వచ్చాక తేలిందేమంటే, అది రెండో నెక్తనెబో అనే ఈజిప్టు రాజుది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

నన్నడిగితే ఊరంతటిలో గొప్ప చోటు కోమ్ ఎల్ షుకాఫా. 1900లో ఒక గాడిద కాలు కింద నేల కూలితే బయటపడిన భూగర్భ శ్మశానమిది. రెండో శతాబ్దం నాటిది. గుండ్రటి మెట్లు దిగుతూ వెళ్లాలి; ఆ నడుమ బావిలాంటి గుంతలోంచే శవాన్ని తాళ్లతో దించేవారు. లోపల అనూబిస్, నక్కతల ఈజిప్టు దేవుడు, రోమన్ సిపాయి కవచం తొడుక్కుని నిలబడి ఉంటాడు. ఒకే గోడ మీద ఈజిప్టు నమ్మకం, గ్రీకు అలంకారం, రోమన్ వేషం. పక్కన ఒక భోజనాల గది ఉంది. చనిపోయినవాళ్ల కోసం ఏటా బంధువులు వచ్చి, రాతి అరుగుల మీద వాలి విందు చేసేవారు. మన తద్దినం భోజనాలు గుర్తొచ్చి నాకు అది పరాయి చోటు అనిపించలేదు.

గ్రంథాలయం గురించి అందరూ చెప్పే కథ ఒక్క రాత్రిలో తగలబడిందని. అలా జరగలేదు. క్రీ.పూ. 48లో సీజర్ యుద్ధంలో కొంత కాలింది, తర్వాతి యుద్ధాల్లో రాజభవనాల పేటే పాడైంది, మధ్యలో పట్టించుకునే రాజులూ కరువయ్యారు. అరబ్బులు పుస్తకాలతో స్నానశాలల పొయ్యిలు వెలిగించారన్నది, వాళ్లు ఊరిని గెలిచిన ఆరువందల ఏళ్ల తర్వాత పుట్టిన కథ. 2002లో తెరిచిన కొత్త గ్రంథాలయం నార్వే సంస్థ స్నోహెట్టా నక్షా. వాలిన పళ్లెంలాంటి కప్పు, దాని కింద మెట్లు మెట్లుగా దిగే చదువుల హాలు. పగటి వెలుగును ఎలా వడకట్టారో గమనించు.

పాత చదువుల జాడ చూడాలంటే మాత్రం రైల్వేస్టేషన్ దగ్గరి కోమ్ ఎల్ దిక్కాకు వెళ్లాలి. పోలండ్ శాస్త్రజ్ఞులు అక్కడ ఇరవై దాకా పాఠశాల గదులు తవ్వి తీశారు. ఐదో శతాబ్దం మొదలు ఏడో శతాబ్దం దాకా నడిచిన తరగతులవి. మూడు వైపులా రాతి మెట్లు, గురువు కోసం ఎత్తు పీట. అక్కడ కాసేపు కూర్చో.

ఈ ఊరి పండితులకు మన వైపు సంగతులూ తెలుసు. రెండో శతాబ్దంలో ఇక్కడ కూర్చుని క్లాడియస్ టోలమీ రాసిన భూగోళంలో కృష్ణానది మైసోలోస్ అయింది, ఘంటసాల కొంటకోస్సిల అయింది. ఆయన రాలేదు, ఓడ వర్తకులు చెప్పింది విని రాసుకున్నాడు. అంతకు నాలుగువందల ఏళ్ల ముందే, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కించిన తన శాసనాల్లో పదమూడోదానిలో, అశోకుడు తురమాయుడనే రాజును పేర్కొన్నాడు. అలెగ్జాండ్రియాను ఏలిన రెండో టోలమీ అతనే. ఇదే ఊరి పండితుడు ఎరటోస్తనీస్ ఇంకా ఘనుడు. ఎండాకాలం పెద్ద పగటినాడు మిట్టమధ్యాహ్నం అస్వాన్‌లో నీడ పడదు, అలెగ్జాండ్రియాలో వృత్తంలో యాభయ్యోవంతు కోణంలో పడుతుంది. ఆ తేడాతో, ఊళ్ల మధ్య దూరంతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. గ్రానైట్ వచ్చిన దారినే లెక్కా వచ్చింది.

ఇక పనిమాటలు. కైరో రామ్సెస్ స్టేషన్ నుంచి రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ముందు సీదీ గాబెర్ వస్తుంది. అక్కడ దిగకు, చివరి స్టేషన్ మస్ర్‌లో దిగు. పొద్దున్నే ఫువాద్ వీధి నడు. టోలమీల కాలపు పెద్ద రాజవీధి దాని కిందే. దాన్ని కోసుకుంటూ పోయే నబీ దానియల్ వీధిలో యూదుల ప్రార్థనామందిరం ఉంది, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు ఉన్నాయి. ఇ. ఎం. ఫార్‌స్టర్ 1922లో రాసిన అలెగ్జాండ్రియా గైడు ఎక్కడైనా కనబడితే నా కోసం కొను. దాని మొదటి ముద్రణ కాపీలు గోదాములో కాలిపోయాయని బీమా సొమ్ము తీసుకున్న ప్రచురణకర్తలు, తర్వాత అవి క్షేమంగా దొరికితే, లెక్క సరిపోవాలని తామే తగలబెట్టారట. ఈ ఊరి పుస్తకాల జాతకమే అంత.

చేపల హోటల్లో మెనూ చూడకు. ఐసు మీద ఉన్నదాన్ని చూపించి, తూకం వేయించి, ధర అడిగి, అప్పుడు వేయించాలో కాల్చాలో చెప్పు. పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసిన లివర్ సాండ్‌విచ్ అక్కడి ప్రత్యేకం, మన నాలుకకు సరిపోతుంది. టాక్సీ ఎక్కేముందే బేరం తేల్చుకో. చలికాలం వాన, గాలి తప్పవు; తుపానులన్నిటికీ వాళ్లకు పేర్లూ తిథులూ ఉన్నాయి. నవంబరులో వచ్చేదాన్ని చీపురు అంటారు. తీరం వెంట పేర్చిన కాంక్రీటు దిమ్మలు చూస్తావు. సముద్రం ఏటా కాస్త లోపలికి వస్తోంది, వాటితో ఆపుతున్నారు. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు కాబట్టి రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఆదివారం వెళ్లి, తిరుగు టికెట్టు కైరోలోనే కొనుక్కో.

మీ పెదనాన్న