బోల్టుకు బదులు స్టడ్డు: ఒక చక్రం చెప్పిన పాఠం

మెషీన్ డిజైన్‌లో మరబిగింపుల అధ్యాయం చదివాం, పరీక్ష రాశాం, మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఆ అధ్యాయం నాకు నిజంగా బోధపడింది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం, తారు పోసిన ఖాళీ మైదానంలో, మా కారు ఎడమ ముందు చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు. మోటారు పోటీల మీద మోజున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

రెండు పద్ధతులు

కారు చక్రాన్ని హబ్బుకు బిగించే పద్ధతులు రెండున్నాయి. మారుతి, టొయోటా, హోండా కార్లలో హబ్బు నుంచి మరలున్న కడ్డీలు బయటికి పొడుచుకుని ఉంటాయి. అవే స్టడ్లు. చక్రాన్ని వాటికి తగిలించి, పైనుంచి నట్లు బిగిస్తాం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, బి.ఎం.డబ్ల్యు. కార్లలో హబ్బుకు మర తీసిన రంధ్రాలు మాత్రమే ఉంటాయి. చక్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రంధ్రాలు సరిపోల్చి, రెండో చేత్తో బోల్టు ఎక్కించాలి. ఎండలో, చెమట చేతులతో ఈ పని చేసిన వారికి ఆ అవస్థ నేను వర్ణించనక్కర లేదు.

మా జట్టు కారు పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో. చక్రానికి ఐదు బోల్టులు. మర ఎం14 × 1.5, అనగా వ్యాసం 14 మి.మీ., ఒక్కో చుట్టుకు 1.5 మి.మీ. లోపలికి పోతుంది. బోల్టులు అమరిన వృత్తం వ్యాసం 100 మి.మీ. బిగించవలసిన టార్క్ 120 న్యూటన్ మీటర్లు.

ఎందుకు మార్చాలి?

ఇంటి కారుకు చక్రాలు ఏడాదికి రెండు మూడుసార్లు ఊడదీస్తారు. పోటీ కారుకు ఒక్కరోజులోనే నాలుగైదుసార్లు తీయవలసి వస్తుంది. తీసిన ప్రతిసారీ బోల్టు హబ్బు లోపలి మరను ఒరుసుకుంటుంది. ఆ మర పాడైతే హబ్బే మార్చాలి. స్టడ్డు ఒకసారి హబ్బులో దిగితే అక్కడే ఉండిపోతుంది. అరుగుదలంతా స్టడ్డు బయటి కొనకూ నట్టుకూ పోతుంది. అవి చవక. పైగా చక్రం వెనుక స్పేసరు వేస్తే, ఒక్కో మందానికి ఒక్కో పొడవు బోల్టు వెతుక్కునే పని ఉండదు. నట్టు చివర తెరిచి ఉన్న రకమైతే, మర ఎంత దూరం పట్టిందో కంటితోనే చూడవచ్చు. ఎఫ్.ఐ.ఏ. వారి గ్రూప్-ఎన్, గ్రూప్-ఎ నియమాల్లో కూడా బోల్టులు తీసి స్టడ్లు వేసుకోవడానికి అనుమతి ఉండేది.

ఇన్ని లాభాలు చూసి మేమూ మార్చేశాం. పని అప్పజెప్పింది నాకు.

జరిగిన పొరపాటు

స్టడ్లు 10.9 శ్రేణి గట్టి ఉక్కువి. నట్లు కొత్తవి. టార్క్ రెంచితో 120కి బిగించాను. రెంచి టక్కుమంది, నేను నమ్మాను. నా స్నేహితుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆరో రౌండులో గట్టిగా బ్రేకు నొక్కేసరికి స్టీరింగు వణికింది, ముందు నుంచి టకటకమని శబ్దం వచ్చిందట. మంచివాడు, రౌండు పూర్తి చేద్దామనుకోకుండా కారు ఆపేశాడు. దిగి చూస్తే ఎడమ ముందు చక్రానికి రెండు నట్లు వేళ్లతో తిరుగుతున్నాయి. మిగిలిన మూడూ వదులే. నాకు కాళ్లు చల్లబడ్డాయి.

సోమవారం ఆ చక్రం పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"ఏమోయ్, ఈ స్టడ్డు ఏం మోస్తోంది?" అన్నారు.

"కారు బరువండీ" అన్నాను.

"అక్కడే పప్పులో కాలేశావు. మోసేది రాపిడి. చక్రాన్నీ హబ్బునూ కలిపి నొక్కి పట్టడమే స్టడ్డు పని. కూర్చో, లెక్క వేద్దాం."

ఆ లెక్క

పొడి మరకు టార్క్ అంటే సుమారుగా 0.2 × వ్యాసం × బిగువు. 120ని 0.2తోనూ 0.014తోనూ భాగిస్తే ఒక్క స్టడ్డులో బిగువు 43 కిలోన్యూటన్లు. ఐదింటికీ 215. చక్రానికీ హబ్బుకూ మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, జారకుండా ఆపగల బలం 32 కిలోన్యూటన్లు.

ఇక బ్రేకు సంగతి. గట్టిగా ఆపినప్పుడు ముందు చక్రం ఒక్కదాని మీద 450 కిలోల బరువు పడిందనుకుందాం. మంచి టైరు అంతే బలంతో, అంటే 4.4 కిలోన్యూటన్లతో నేలను పట్టుకుంటుంది. టైరు వ్యాసార్ధం 0.3 మీటర్లు కనుక టార్క్ 1,320 న్యూటన్ మీటర్లు. ఆ టార్కునే 50 మి.మీ. వ్యాసార్ధం దగ్గర, అంటే స్టడ్ల వృత్తం దగ్గర ఆపాలి. అక్కడ బలం 26 కిలోన్యూటన్లు.

ఉన్నది 32, కావలసింది 26. బిగువులో నాలుగో వంతు పోతే చాలు, చక్రం హబ్బు మీద జారడం మొదలుపెడుతుంది. అలా అడ్డంగా జారే కీలులో నట్టు తనంతట తాను ఊడివస్తుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు. ఆపైన స్టడ్డు అటూ ఇటూ వంగి, మర మొదట్లో పగులు పుట్టి, చివరికి విరుగుతుంది.

మరి నా బిగువు ఎక్కడికి పోయింది? కంపెనీ చక్రం రంధ్రం అంచు గిన్నెలాగా గుండ్రంగా ఉంటుంది. నేను తెచ్చిన నట్టు మూతి 60 డిగ్రీల శంఖువు. గిన్నెలో శంఖువు పెడితే ఆనేది సన్నటి గీత మీదే. 43 కిలోన్యూటన్ల బలం ఆ గీత మీద పడి అల్యూమినియం నలిగిపోయింది. 30 మి.మీ. పొడవున్న స్టడ్డు ఆ బిగువుకు సాగేది 0.05 మి.మీ. మాత్రమే. అంచు 0.02 మి.మీ. నలిగినా బిగువులో మూడో వంతు దాకా పోతుంది. స్టడ్డు 104 కిలోన్యూటన్ల దాకా శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకోగలదు. ఆ గట్టితనం మాకు ఆ రోజు ఎందుకూ కొరగాలేదు.

చేయవలసిన పద్ధతి

1. నట్టు మూతి, చక్రం రంధ్రం అంచు ఒకే ఆకారంలో ఉండాలి. గిన్నెకు గిన్నె, శంఖువుకు శంఖువు. ఇది చూడకుండా మరేదీ కొనవద్దు.

2. స్టడ్డు హబ్బులో కనీసం తన వ్యాసమంత లోతు, 14 మి.మీ., అంటే తొమ్మిది చుట్లకు పైగా పట్టాలి. నట్టులోనూ అంతే. కాని హబ్బు వెనుక పొడుచుకు రాకూడదు. వెనుక డ్రమ్ము బ్రేకులున్న కారులో అది లోపలి భాగాలకు తగులుతుంది. చేత్తో హబ్బు తిప్పి, చెవి పెట్టి వినండి.

3. హబ్బు మరలు జిడ్డు లేకుండా తుడిచి, తయారీదారు చెప్పిన మర పట్టుమందు రాసి, అతడు చెప్పిన స్వల్ప టార్కుకే స్టడ్డు దింపండి. చక్రం టార్కు దీనికి కాదు. మందు పూర్తిగా ఆరేదాకా కారు కదపవద్దు.

4. చక్రం వెనుక తలం, హబ్బు ముఖం శుభ్రంగా ఉండాలి. మధ్యలో తుప్పు, పెయింటు ఉంటే అవీ నలిగి బిగువును తింటాయి. చక్రాన్ని నడిమికి తెచ్చేది 57.1 మి.మీ. హబ్బు గట్టు. బయట కొన్న చక్రానికి రంధ్రం పెద్దదైతే రింగు వేయాలి.

5. నట్టు మరకు నూనె రాయవద్దు. 0.2 గుణకం 0.15కి దిగితే, అదే 120కి బిగువు 57 కిలోన్యూటన్లవుతుంది. రెంచికి ఆ తేడా తెలియదు.

6. నక్షత్రం వరుసలో, రెండు విడతలుగా బిగించండి. మొదటి రౌండు తర్వాత చక్రం చల్లారనిచ్చి మళ్లీ సరిచూడండి. నట్టు మీదుగా చక్రం మీదికి పెయింటుతో గీత గీస్తే, నట్టు కదిలిందో లేదో దూరం నుంచే తెలుస్తుంది.

7. స్టడ్లు కూడా అరిగే వస్తువులే. మర దెబ్బతిన్నదీ, వదులు చక్రంతో తిరిగినదీ మళ్లీ వాడకూడదు. మా ఐదింటినీ మాస్టారు స్వయంగా చెత్తబుట్టలో వేశారు.

ఇప్పుడు మా షెడ్డులో ఒక నోటుపుస్తకం వేలాడుతూ ఉంటుంది. చక్రం బిగించినవారు ఒకరు, సరిచూసినవారు మరొకరు అందులో సంతకం చేయాలి. ఆ తర్వాతే నడిపేవారు తలుపు తీస్తారు. మొదటి పేజీలో మొదటి పేరు నాదే. "ఎడమ ముందు చక్రం, తప్పు నట్లు" అని నా చేత్తోనే రాశాను. కొత్తగా జట్టులో చేరినవారికి ముందుగా ఆ పేజీయే చూపిస్తాం.