రెండు చక్రములపై 1,900 మైళ్ళు

నున్నని తారు బాటపై సైకిలు తొక్కుట ఎవరికైనను సులభమే. కంకర తేలిన దారియు, ఎక్కుడు దిగుడుల గుట్టలును, ఏటియొడ్డు బురదయు ఎదురైనప్పుడే చక్రముల గట్టితనమును, తొక్కువాని గుండెనిబ్బరమును బయటపడును. నేడట్టి దారులకై వెడల్పైన టైర్లు గల గ్రావెల్ సైకిళ్ళు ప్రత్యేకముగా తయారగుచున్నవి. పెక్కుమంది సెలవుదినములలో వానిపై కొండలను, నదీలోయలను చుట్టివచ్చుచున్నారు. కాని యట్టి సైకిళ్ళు పుట్టుటకు ఎంతో పూర్వము, 1897వ సంవత్సరమున, కొందరు సైనికులు మన్నును, రాళ్ళును, ఇసుకయు నిండిన దారులవెంట 1,900 మైళ్ళు, అనగా సుమారు 3,050 కిలోమీటర్లు, సైకిళ్ళపై ప్రయాణించిరి. వారు విహారమునకై పోలేదు. తమకు అప్పగింపబడిన పనిని నెరవేర్చుటకై పోయిరి.

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య భాగమున మోంటానా రాష్ట్రము కలదు. అందు రాకీ పర్వతముల నడుమనున్న యొక లోయలో మిజూలా పట్టణమును, దానిచెంత ఫోర్ట్ మిజూలా అను సైనిక స్థావరమును ఉండెను. అచ్చట 25వ పదాతి దళమువారు విడిసియుండిరి. ఆ దళములోని సిపాయిలందరు నల్లజాతివారు. వారిపై అధికారులు దాదాపుగా అందరును తెల్లవారు. అమెరికాలో బానిసత్వము 1865లో రద్దయ్యెను. అయినను సైన్యమున నల్లవారిని వేరు దళములుగనే ఉంచుచుండిరి. వారికి సమానమైన గౌరవము లభింపకుండెను.

ఆ దళమున జేమ్స్ మాస్ అను యువ లెఫ్టినెంటు ఉండెను. ఇతడు 1894లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున తన తరగతిలో కట్టకడపటివాడుగా ఉత్తీర్ణుడయ్యెను. ఇతనికి సైకిలన్న మిక్కిలి ప్రీతి. గుఱ్ఱమునకు మేత కావలెను, నీరు కావలెను, విశ్రాంతి కావలెను. సైకిలునకు ఇవి యేవియు అక్కరలేదు. అది సకిలింపదు, గుఱ్ఱపుదండువలె దుమ్ము రేపదు. కావున సైన్యమునకు సైకిలు ఉపయోగించునని అతడు వాదించెను. ప్రధాన సేనాధిపతియైన నెల్సన్ మైల్స్ ఈ యూహను మెచ్చి 1896లో అనుమతి నొసగెను.

మొదట 8 మంది సైనికులతో మాస్ పరీక్ష ప్రారంభించెను. ఆ ఆగస్టు మాసమున వారు మెక్‌డొనాల్డ్ సరస్సువరకు పోయివచ్చిరి. 126 మైళ్ళ యా ప్రయాణమునకు నాలుగు దినములు పట్టెను. వాన, గాలి, బురద వారిని అడుగడుగున అడ్డగించెను. తరువాత యెల్లోస్టోన్ జాతీయవనమునకు పోయిరి. అచ్చట సున్నపురాతి మెట్లవలెనుండు మినర్వా టెరస్ అను చోట వారు సైకిళ్ళతో నిలిచి తీయించుకొనిన ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది.

ఈ యనుభవముతో మరుసటి యేడు పెద్ద ప్రయాణమునకు పూనుకొనిరి. మిజూలానుండి మిసోరి రాష్ట్రములోని సెయింట్ లూయిస్ నగరమును చేరవలెనని నిర్ణయము. మాస్ 20 మంది సైనికులను ఎన్నుకొనెను. వారితో ఒక వైద్యుడును, ఒక యువ పత్రికా విలేఖరియు బయలుదేరిరి. సైనికులలో పెద్దవాడు సార్జెంటు మింగో శాండర్స్. అతని వయస్సు 39 ఏండ్లు. ఒక కంటి చూపు చాలవరకు పోయియుండెను. అయినను క్రమశిక్షణలో అతనికి సాటివచ్చువారు అరుదు.

ఒక్కొక్క సైకిలు బరువు 32 పౌనులు. దానికి గేర్లు మార్చు సదుపాయము లేదు. దానిపై దుప్పటి, గుడారపు గుడ్డ, వంటపాత్రలు, రెండు దినముల గ్రాసము కట్టిరి. సామానుతో కలిసి సైకిలు సగటున 59 పౌనులు, అనగా సుమారు 27 కిలోగ్రాములు, తూగెను. ఇదిగాక ప్రతివాడును ఒక తుపాకిని, 50 తూటాలను మోయవలసియుండెను. మిగిలిన ఆహారము ముందుగనే దారిలోని రైలు స్టేషన్లకు పంపబడెను.

1897 జూన్ 14వ తేది ఉదయము వారు బయలుదేరిరి. బయలుదేరిన కొలది కాలమునకే వాన పట్టుకొనెను. మోంటానా మన్ను మిక్కిలి బంకగలది. అది టైర్లకు పట్టి, చక్రము తిరుగకుండ బిగిసిపోవుచుండెను. సైనికులు దిగి మన్ను గీకివేసి, మరల ఎక్కి, మరల దిగవలసివచ్చెను. దారి బొత్తిగా పాడైనచోట రైలుపట్టాల నడుమనున్న కొయ్యదిమ్మెలపై తొక్కిరి. ప్రతి దిమ్మెకును శరీరమెల్ల కుదిలిపోవుచుండెను. ఎత్తైన కొండలు వచ్చినపుడు సైకిళ్ళను త్రోసికొనుచు నడచిరి.

రాకీ పర్వతముల నడినెత్తిని ఒక జలవిభాజకము కలదు. దానికి పడమట కురిసిన నీరు పసిఫిక్ మహాసముద్రమును చేరును. తూర్పున కురిసినది మిసోరి, మిసిసిపి నదులవెంట పోయి మెక్సికో సింధుశాఖలో కలియును. జూన్ మాసమైనను వారు దానిని మంచు పడుచుండగా దాటిరి. అటుపిమ్మట యెల్లోస్టోన్ నదీలోయ వెంబడి తూర్పునకు సాగి, వయోమింగ్ రాష్ట్రపు బోడిగుట్టలను దాటి, నెబ్రాస్కా చేరిరి.

అసలైన పరీక్ష అచ్చట కాచుకొనియుండెను. నెబ్రాస్కా వాయవ్యమున ఇసుకతిన్నెల సీమ కలదు. ఇసుకలో చక్రము దిగబడి కదలదు. కావున సైనికులు బరువైన సైకిళ్ళను త్రోసికొనుచు రైలుమార్గము వెంబడి నడచిరి. ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీటునకు చేరెను. పాదములు బొబ్బలెక్కెను. త్రాగుటకు చిక్కినది చౌటినీరు. అది త్రాగి పలువురు జబ్బుపడిరి. మాస్ సైతము అస్వస్థుడయ్యెను. అయినను దండు ఆగలేదు. 170 మైళ్ళ యా సీమను నాలుగున్నర దినములలో దాటిరి.

జూలై 24వ తేదిని వారు సెయింట్ లూయిస్ ప్రవేశించిరి. ఆ నగరములోని సైకిలు సంఘములవారు ఎదురేగి తోడ్కొనివచ్చిరి. ఫారెస్ట్ పార్కులోని విడిదియొద్ద వారిని చూచుటకు వేలాది ప్రజలు గుమిగూడిరి. పట్టిన కాలము మొత్తము 41 దినములు. అందు నిజముగా ప్రయాణము చేసినవి 34. అనగా దినమునకు దాదాపు 56 మైళ్ళు. కాలినడక దండునకు పట్టు కాలములో సగమును, వ్యయములో మూడవవంతును మాత్రమే దీనికి చాలునని మాస్ తన నివేదికలో తెలిపెను.

అయినను సైన్యమువారు ఈ ప్రయత్నమును కొనసాగింపలేదు. సైనికులు రైలుబండిలో మిజూలాకు మరలివచ్చిరి. 1898లో స్పెయిన్ దేశముతో యుద్ధము రాగా 25వ దళము క్యూబాకు పంపబడెను. మింగో శాండర్స్ ఎల్ కనే పోరున పాల్గొనెను.

ఇట్టివానికి అతని దేశమొసగిన ప్రతిఫలము విచారకరమైనది. 1906 ఆగస్టులో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ పట్టణమున ఒక రాత్రి కాల్పులు జరిగి ఒకడు మరణించెను. పట్టణవాసులు ఆ నేరమును 25వ దళమువారిపై మోపిరి. న్యాయస్థానమున విచారణ లేకయే, అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ 167 మంది సైనికులను అగౌరవముగా తొలగించెను. వారిలో శాండర్స్ ఒకడు. 26 ఏండ్ల సేవకు రావలసిన పింఛను సైతము అతనికి దక్కకపోయెను. 1929లో అతడు మరణించెను. 1972లో అమెరికా సైన్యము ఆ తొలగింపును రద్దుచేసి, వారందరికిని గౌరవప్రదమైన విరమణను ప్రకటించెను. కాని యా మాట వినుటకు శాండర్స్ లేడు. అతడు కన్నుమూసి అప్పటికి 43 ఏండ్లు గడచెను.

బురదయు, మంచును, ఇసుకయు ఆ సైనికుల రంగును చూడలేదు. వారి ఓర్పును మాత్రమే పరీక్షించెను. ఆ పరీక్షలో వారు నెగ్గిరి. మనుష్యులు పెట్టిన పరీక్షయందు మాత్రము న్యాయము చాల ఆలస్యముగా వచ్చెను. కఠినమైన దారిని దాటుటకు దేహబలము, పట్టుదల చాలును. తోడివాని శ్రమను గుర్తించి సకాలమున గౌరవించుటకు న్యాయబుద్ధి కావలెను. మొదటిది ఆ సైనికులలో నిండుగా నుండెను. రెండవది సమాజము నేర్చుకొనవలసియుండెను.