అవయవ మార్పిడి తర్వాత ప్రయాణం: బయలుదేరే ముందు తెలుసుకోండి

కిడ్నీ గానీ, కాలేయం గానీ మార్పిడి చేయించుకున్నవారు మన సంఘ కుటుంబాలలోనూ ఉన్నారు. ఒకప్పుడు ఈ ఆపరేషన్ కోసం వేలూరు వెళ్ళేవారు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో 1971లోనే కిడ్నీ మార్పిడి జరిగింది. ఇప్పుడు విశాఖలోనే చేస్తున్నారు. ఆరోగ్యం కుదుటపడ్డాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టరు గారూ, ఊరు వెళ్ళవచ్చా?" వెళ్ళవచ్చు. కానీ సిద్ధపడి వెళ్ళాలి.

ఎందుకీ జాగ్రత్త?

కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వంటి మాత్రలు జీవితాంతం వాడాలి. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఇతరులకు రెండు రోజుల్లో తగ్గే విరేచనాలు మీకు ప్రమాదం కావచ్చు. విశాఖ ఉష్ణమండలంలోనే ఉంది కనుక ఈ జాగ్రత్తలు విదేశాలకే కాదు, అరకు, పాడేరు ప్రయాణాలకూ అవసరమే.

ఎప్పుడు వెళ్ళాలి?

మొదటి సంవత్సరం, ముఖ్యంగా మొదటి ఆరు నెలలు, దూర ప్రయాణాలు వాయిదా వేసుకోండి. తర్వాత కూడా రెండు నెలల ముందే మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరును కలవండి.

టీకాలు

ఫ్లూ, హెపటైటిస్, టైఫాయిడ్ ఇంజెక్షన్ల గురించి డాక్టరును అడగండి. జీవంతో ఉన్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు మీకు పనికిరావు. ఆఫ్రికాలోని కొన్ని దేశాలు అడిగే ఎల్లో ఫీవర్ టీకా ఈ కోవకు చెందినదే. దానికి బదులు డాక్టరు మినహాయింపు పత్రం ఇవ్వగలరు. అయితే ఆ జ్వరం ఉన్న ప్రాంతానికి అసలు వెళ్ళకపోవడమే మేలు.

మందులు

1. రెండు వారాలకు సరిపడా మందులు అదనంగా తీసుకోండి. వాటిని చేతిసంచిలోనే ఉంచండి. ఎండలో నిలిపిన కారులో వదలవద్దు.
2. మందుల పేర్లు, మోతాదు రాసిన డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోండి.
3. వేళ తప్పవద్దు. మన ఉదయం 8 గంటలకు సింగపూర్‌లో పదిన్నర అవుతుంది. అక్కడ ఏ వేళకు వేసుకోవాలో ముందే అడగండి.
4. పంపరపనస తినవద్దు. అది రక్తంలో ఈ మందుల మోతాదును పెంచుతుంది.
5. మందుల షాపులో సొంతంగా నొప్పి మాత్రలు కొనవద్దు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కిడ్నీకి హాని చేస్తాయి. కొన్ని యాంటీబయాటిక్‌లూ ఈ మాత్రలతో సరిపడవు.

దోమలు, నీరు, మట్టి

ఏజెన్సీలో మలేరియా ఉంది. మలేరియా దోమ రాత్రి, డెంగీ దోమ పగలు కుడుతుంది. దోమతెర, నిండు చేతుల దుస్తులు, ఒంటికి రాసే దోమల మందు వాడండి. మలేరియా రాకుండా మాత్రలు అవసరమా అన్నది డాక్టరే చెప్పాలి.

కాచి చల్లార్చిన నీరు గానీ, సీలు వేసిన సీసా నీరు గానీ తాగండి. ఐసు వేసిన చెరకురసం, పానీపూరి, కోసి ఉంచిన పండ్లు వద్దు. పొగలు వచ్చే వేడి భోజనం మంచిది.

వానాకాలంలో బురదలో, పొలంలో ఉత్త కాళ్ళతో నడవవద్దు. మట్టిలోని కొన్ని క్రిములు చర్మం గుండా లోపలికి వెళతాయి. గబ్బిలాలుండే గుహలలో వాటి రెట్టల వల్ల ఊపిరితిత్తులకు బూజు జబ్బు సోకవచ్చు. కనుక ఇంటివారు బొర్రా గుహలు చూసి వచ్చేవరకు మీరు బయట కూర్చోవడం మేలు.

జ్వరం వస్తే

జ్వరం, విరేచనాలు, వాంతులు, మూత్రం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు ఆగవద్దు. వెంటనే మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు ఫోను చేయండి. విరేచనాల వల్ల రక్తంలో టాక్రోలిమస్ పెరగవచ్చు. అయినా మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. వాంతిలో మాత్ర పడిపోతే మళ్ళీ వేసుకోవాలా అన్నదీ అడిగి తెలుసుకోండి. తిరిగి వచ్చాక కొన్ని నెలల్లో జ్వరం వచ్చినా, ఎక్కడికి వెళ్ళి వచ్చారో డాక్టరుకు తప్పక చెప్పండి.

ఒక తల్లి గానీ, తోబుట్టువు గానీ, దుఃఖంలో ఉన్న ఒక తెలియని కుటుంబం గానీ ఇచ్చిన అవయవం మీలో ఉంది. దానిని కాపాడుకోవడం దేవునికీ, ఆ దాతకూ మీరు చెల్లించే కృతజ్ఞత. మీ ప్రయాణములు క్షేమముగా సాగును గాక!